మూడో నంబరు వాచీ

బి.ఎస్సీ.లో నాకు వాడికంటే పదకొండు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఈ సంగతి ఎవరూ అడగరు కనుక నేనే ముందుగా చెప్పేస్తున్నాను. మా ఆవిడకైతే పెళ్ళయిన వారంలోనే చెప్పాను. "ఎవరికంటే అండీ?" అంది పాపం, అప్పటికి వాడెవరో తెలియక. తరవాత తెలుసుకోక తప్పలేదు. మా ఇంట్లో వాడి ప్రస్తావన రాని ఆదివారం ఉండేది కాదు.

వాడూ నేనూ తెనాలిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. డిగ్రీలో ఇద్దరిదీ ఫిజిక్సే. అరవైలు మొదలయ్యేనాటికి నాకు బాపట్లలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం దొరికింది. లెక్చరరు పాఠం చెబితే, ల్యాబులో పిల్లల చేత ప్రయోగాలు చేయించి, రికార్డు పుస్తకాలు దిద్దేవాడన్న మాట. చేతికొచ్చిన ఉద్యోగం వదిలేసి ఎమ్మెస్సీకి పోవడం బుద్ధితక్కువ పని అని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఇంట్లో ఎవరూ పొమ్మననూ లేదు, వద్దననూ లేదు. వాడు మాత్రం వాల్తేరు వెళ్ళి ఎమ్మెస్సీ చేశాడు. అంతవరకూ ఓర్చుకున్నాను. అదయ్యాక ఫిజిక్సు ల్యాబు వదిలేసి ఫిలాసఫీ శాఖలో రీసెర్చికి చేరాడు.

వేసవి సెలవులకు తెనాలి వచ్చినప్పుడు స్టేషను దగ్గర కాఫీ హోటల్లో వాణ్ణి నిలదీశాను.

"ఫిజిక్సు చదివి వేదాంతమేంటిరా నీకు?"

"వేదాంతం కాదురా. మీరంతా కొలుస్తారు కదా. సరిగ్గా కొలిచామని మీకెట్లా తెలుస్తుందో, అది చూడాలని."

"ఎట్లా తెలియడమేంటి? స్కేలు పెట్టి చూస్తే తెలుస్తుంది."

"ఆ స్కేలు సరైందని?"

"ఇంకో స్కేలు పెట్టి చూస్తే సరి."

వాడు గ్లాసు కింద పెట్టి, "మరి ఆ ఇంకో స్కేలు?" అన్నాడు.

నేను నవ్వాను. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. ఆ ఒక్క ప్రశ్న మీదే వాడు పదేళ్ళు బతుకుతాడని తెలిస్తే అంత నవ్వేవాణ్ణి కాదు.

మొదట్లో వాడి అవస్థ చూస్తే నాకు ప్రాణం హాయిగా ఉండేది. ఫిజిక్సు వాళ్ళు వీడు ఫిలాసఫీ వాడని దగ్గరికి రానివ్వరు, ఫిలాసఫీ వాళ్ళు వీడు ఫిజిక్సు వాడని నమ్మరు. రెంటికి చెడ్డ రేవడి అయ్యాడని తెనాలిలో మా తోటివాళ్ళందరికీ నేనే చాటాను. థీసిస్ ఏడాదికేడాది వెనక్కి జరుగుతుంటే వాణ్ణి ఓదారుస్తూ ఉత్తరాలు రాశాను. జన్మలో అంత చక్కటి ఉత్తరాలు నేను మరెవరికీ రాయలేదు. చివరికి డాక్టరేటు వచ్చింది. తెనాలిలోనే ఒక కాలేజీలో తర్కం చెప్పే ఉద్యోగమూ వచ్చింది. క్లాసులో పట్టుమని పదిమంది ఉండరు. పాఠాలు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. మిగిలిన పూటంతా వాడి సొంతం.

ఆ మిగిలిన పూటల్లోంచి వ్యాసాలు పుట్టుకొచ్చాయి. వాడు నీలం ఏరోగ్రాముల మీద ఇంగ్లండులో ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాసేవాడు. వాళ్ళు జవాబులు కూడా రాసేవారు! వ్యాసం అచ్చయితే పత్రికవాళ్ళు కొన్ని విడి ప్రతులు పంపేవారు. అందులో మొదటిది ఎప్పుడూ నాకే. బాపట్ల దాకా స్వయంగా తెచ్చి చేతిలో పెట్టేవాడు. నేను అందుకుని ముందు చివరి పేజీ తిప్పేవాణ్ణి. అక్కడ చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలుంటాయి. మొదటి వ్యాసంలో వాల్తేరు ప్రొఫెసరుగారు. రెండోదాంట్లో మద్రాసు లైబ్రరీలో గుమాస్తా. మూడోదాంట్లో తెనాలి టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు, తప్పుల్లేకుండా టైపు కొట్టినందుకట. ప్రతి ఆదివారం బండి దిగి, మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం దాకా నాతో వాదించి పోయే మనిషికి నేను మాత్రం గుర్తుకు రాలేదు. నా కడుపు మండిపోయింది. వ్యాసాలు చదివానా అంటే ఒక్కటీ చదవలేదు. కృతజ్ఞతలు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

నాకు కావలసింది అదే. డాక్టరేటూ కాదు, ఇంగ్లండు ఉత్తరాలూ కాదు. వాడి వ్యాసంలో ఒక్కసారి నా పేరు అచ్చులో కనబడాలి. ఆ కోరిక నన్ను ఎక్కడిదాకా దిగజార్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ల్యాబులో నా సంతకానికి మాత్రం కొదవ లేదు. వారం వారం గుట్టలుగా రికార్డులు వచ్చేవి. ప్రతి పేజీకీ ఎర్రసిరాతో సంతకం పెట్టేవాణ్ణి. పెట్టి పెట్టి ఆ సంతకం అరిగిపోయి, రెండు వంకరలు తిరిగిన వానపాములా మిగిలింది. ఆ వానపాము లేకపోతే ప్రయోగం చేసినట్టే కాదని ఏటేటా కొత్త క్లాసుకు గట్టిగా చెప్పేవాణ్ణి. ఇంకో నియమం కూడా నాదే. మా ల్యాబులో స్టాప్‌వాచీలు ఆరు ఉండేవి. ఎవరు ఏది వాడారో ఆ నంబరు పేజీ పైన రాయాలి. వాచీ పాడైతే ఎవరి చేతిలో పాడైందో పట్టుకోవడానికి ఆ ఏర్పాటు. దాన్ని చూసి మా లెక్చరరుగారు కూడా మెచ్చుకున్నారు.

లోలకం ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. దారానికి గుండు వేలాడగట్టి ఊపుతారు. ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లు పట్టిందో వాచీలో చూసి, దాంట్లోంచి భూమి ఆకర్షణ విలువ కడతారు. దాన్ని జీ అంటారు; సెకన్లు తగ్గితే అది పెరుగుతుంది. అది తొమ్మిదివందల ఎనభైకి అటూ ఇటూగా రావాలని పుస్తకంలోనే ఉంటుంది. జవాబు ముందే తెలిశాక పిల్లలేం చేస్తారు? జవాబు దగ్గర మొదలెట్టి, వెనక్కి లెక్క కట్టి, సెకన్లు రాసేస్తారు. దాన్ని మేము సర్దడం అనేవాళ్ళం. చదువుకునే రోజుల్లో నేనూ సర్దినవాణ్ణే. డిమాన్‌స్ట్రేటరు చూడవలసిందల్లా పొందిగ్గా సర్దారా లేదా అన్నదే. ఎవడైనా కచ్చితంగా తొమ్మిదివందల ఎనభై రాసి తెస్తే చీవాట్లు పెట్టేవాణ్ణి. తొమ్మిదివందల డెబ్భై ఎనిమిది పాయింటు ఆరు అని రాసి తెస్తే సంతకం పెట్టేవాణ్ణి.

అరవైల మధ్యలో ఒక ఏడాది రేపల్లె నుంచి వచ్చిన అమ్మాయి సర్దనంది. వాళ్ళ నాన్న మిషను స్కూల్లో టీచరు. ఈ అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకునేది. జీ విలువ వెయ్యి పన్నెండు అని రాసి తెచ్చింది. నేను దాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, 'రాంగ్. రిపీట్.' అని ఇంగ్లీషులో రాశాను. మర్నాడు మళ్ళీ చేసి వెయ్యి పదమూడు తెచ్చింది. మూడోసారి నేను పక్కనే నిలబడి చూశాను. ఊపులు సరిగ్గానే లెక్కపెట్టింది, వాచీ సరిగ్గానే నొక్కింది. ముప్ఫై తొమ్మిదిన్నర సెకన్లు వచ్చింది. పక్క బల్లల మీద అందరి పుస్తకాల్లోనూ నలభై దాటి ఉంది.

"నలభై దాటాలమ్మా."

"దాటట్లేదండి."

"మరి అందరికీ ఎట్లా దాటింది?"

ఆ అమ్మాయి పక్క బల్లల వైపు ఒకసారి చూసింది. "వాళ్ళ సంగతి నాకు తెలియదండి. నాకు ఇంతే వచ్చిందండి."

ఆ చూపు నాకు గిట్టలేదు. పొగరనుకున్నాను. ఆ పేజీకి సంతకం పెట్టలేదు సరికదా, మొత్తం రికార్డు మార్కుల్లోనే కోత కోశాను. ఆ అమ్మాయి పరీక్షలయ్యాక రికార్డు తీసుకెళ్ళడానికి కూడా రాలేదు. ఏడాది చివర అలా మిగిలిపోయినవన్నీ నేను ఇంటికి తెచ్చేవాణ్ణి. వాటితోపాటు అదీ మా అటకెక్కింది. ఆ కాగితాలు మా ఆవిడకు వంటింట్లో బాగా పనికొచ్చేవి.

డెబ్భైల్లో పడ్డాక ఒక ఆదివారం మా ఆవిడ పునుగులు వేసింది. నూనె పీల్చడానికి పళ్ళెంలో రికార్డు కాగితం పరిచింది. వాడు రెండు తిని, మూడోది చేత్తో పట్టుకుని, కింద కాగితం చదవడం మొదలుపెట్టాడు. కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేని మనిషి. నూనెలో తడిసిన అంకెలు ఇంకా బాగా కనిపిస్తున్నాయి.

"ఏంటిరా, జీ ఇంత ముచ్చటగా వచ్చింది?" అన్నాడు. తరవాత మా ఆవిడ వైపు తిరిగాడు. "ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా చెల్లెమ్మా?"

"అటక నిండా ఉన్నాయన్నయ్యగారూ. మీ స్నేహితుడు పారెయ్యనివ్వరు."

వాడు నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. నేను కింద నిలబడి, ఎలుకలకు కూడా నీ ఫిలాసఫీ చెప్పి దిగు అని వేళాకోళం చేశాను. బూజు దులుపుకుంటూ కట్టలన్నీ దించి తెనాలి పట్టుకుపోయాడు. ఆ తరవాత జై ఆంధ్ర ఉద్యమం వచ్చి కాలేజీలు నెలల తరబడి మూతబడ్డాయి. మేమంతా అరుగుల మీద కూర్చుని పేకాడుకున్నాం. వాడు ఒక్కొక్క లోలకం పేజీ తీసి, వాచీ నంబర్ల ప్రకారం విడదీసి, పట్టికలు రాసుకున్నాడు.

కాలేజీలు తెరిచిన వారంలోనే బాపట్ల వచ్చి, మూడో నంబరు వాచీ ఇంకా ఉందా అని అడిగాడు. ల్యాబు బీరువాలోనే ఉంది. దాన్నీ, కొత్తగా కొన్న ఇంకో వాచీనీ, నా చేతి గడియారాన్నీ పక్కపక్కన పెట్టి నడిపించాం. పది నిమిషాలయ్యేసరికి మూడో నంబరు పది సెకన్లు వెనకబడింది.



"నిమిషానికి ఒక సెకను తక్కువ చూపిస్తోందిరా," అన్నాడు వాడు. "దీంతో నిజంగా కొలిచినవాళ్ళకెవరికైనా జీ వెయ్యి దాటి రావాలి. దీంతో చేసినవాళ్ళు నీ కట్టల్లో బోలెడుమంది ఉన్నారు. అందరికీ తొమ్మిదివందల ఎనభై దగ్గరే వచ్చింది. ఒక్క పేజీలో తప్ప."

సంచిలోంచి ఆ పేజీ తీశాడు. వెయ్యి పన్నెండు, దాని మీద నా ఎర్రగీత, పక్కన నా చేతిరాత. చూడగానే గుర్తుపట్టాను. ఎవరిదో అన్నట్టు మొహం పెట్టి వాచీకి కీ తిప్పుతూ కూర్చున్నాను.

"ఈ అమ్మాయి వాచీతో భూమిని కొలుస్తున్నాననుకుంది. నిజానికి భూమితో వాచీని కొలిచింది. ఏది కొలబద్దో మనం ముందే తేల్చుకుని కూర్చుంటే, ఇట్లాంటి రీడింగు మనకు తప్పుగానే కనిపిస్తుంది. వాచీ చెడిపోయిందని ఇన్నేళ్ళూ మీ కాలేజీలో ఎవరికీ ఎందుకు తెలియలేదో చూడు. దాన్ని పట్టించగలిగిన రీడింగు ఇదొక్కటే, దాన్నేమో కొట్టేశారు. పదేళ్ళుగా నేను గాల్లో రాస్తున్నానురా. ఇప్పుడు చేత్తో పట్టుకోవడానికి ఒకటి దొరికింది."

వాడి మొహం వెలిగిపోతోంది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఆ మొహాన్నే చూస్తున్నాను. ల్యాబు నాది, వాచీ నాది. పేజీ పైన నంబరు రాయించిన నియమం నాది. అటక నాది, చివరికి పునుగులు వేసిన మనిషి కూడా నా భార్యే. ఇన్నేళ్ళు వాటి మధ్య తిరుగుతూ నేనేమీ చూడలేదు. వాడు ఒక ఆదివారం టిఫినుకు వచ్చి చూసేశాడు. పైగా ఇన్నాళ్ళకు నేను వాడి వ్యాసంలోకి వెళ్ళబోతున్నది ఎలాగ? సరైన రీడింగును కొట్టేసిన చెయ్యిగా! గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

వ్యాసం రాసి ఇంగ్లండు పంపితే, పత్రికవాళ్ళు వేస్తామన్నారు. అయితే అసలు పేజీ ఫోటో కూడా ఉండాలన్నారు. లేకపోతే ఇదంతా అల్లిన కథ అనుకుంటారట. ఆ ఉత్తరం వాడు నాకు రెండుసార్లు చదివి వినిపించాడు, తెనాలిలో వాళ్ళింట్లో. పేజీ బల్ల మీదే ఉంది. ఎగిరిపోకుండా దాని మీద సిరాబుడ్డి పెట్టి ఉంది. వాడు కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళాడు. నేను సిరాబుడ్డి పక్కన పెట్టి, పేజీ నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నాను. ఆలోచించి చేశానని చెప్పలేను, ఆలోచించకుండా చేశాననీ చెప్పలేను. కాఫీ మాత్రం పూర్తిగా తాగాను. బాగుందని కూడా అన్నాను.

వారానికి కార్డు వచ్చింది. పేజీ కనిపించడం లేదని, ఇల్లంతా వెతుకుతున్నానని, పుస్తకాలన్నీ దులిపానని, తన అజాగ్రత్త వల్లే పోయిందని రాశాడు. ఇంకో వారానికి ఇంకో కార్డు వచ్చింది. పోస్టుకార్డు కదా, నాకంటే ముందు మా ఆవిడే చదివింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పేజీని చింపెయ్యాలని రోజూ అనుకునేవాణ్ణి. తీసి చూస్తే, ఆ అమ్మాయి గుండ్రటి అంకెలు కనిపించేవి. మళ్ళీ మడిచి, చొక్కా మార్చినప్పుడల్లా జేబు మార్చేవాణ్ణి. ఒక సోమవారం మార్చడం మరిచిపోయాను.

కాలేజీ నుంచి వచ్చేసరికి మా ఆవిడ ఆ కాగితం మంచం మీద పరిచి, దాని పక్కన కూర్చుని ఉంది.

"అన్నయ్యగారు వెతుకుతున్నది ఇదేనాండీ?"

నేను వేసుకున్న చొక్కా జేబు తడుముకున్నాను.

"నేను పునుగుల కింద పరిచానంటే తెలియక పరిచాను. మీకు తెలుసు కదండీ!"

అరిచినా బాగుండేది. ఆ మాట నెమ్మదిగా అంది.

మర్నాడు సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఓర్వలేక తీశానని చెప్పాలి. పదకొండు మార్కుల సంగతి కూడా చెప్పాలి. వాడి గుమ్మంలో నిలబడి, "ఇది నేనే తీశానురా," అని కాగితం చాపాను.

వాడు దాన్ని లాక్కున్నంత పని చేసి, వెలుతురులో పెట్టి, అంకెలన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తరవాత నా మొహంలోకి ఆత్రంగా చూశాడు.

"లెక్క మళ్ళీ చేసి చూశావా? నాకు తోచనేలేదు చూడు, నువ్వు సరిచూడ్డానికి తీసుకెళ్ళి ఉంటావని! సరిపోయిందా?"

వాడికి ఇంకో కారణం ఉండవచ్చని తట్టనే లేదు. మనిషి ఒక కాగితాన్ని తీసుకెళ్ళాడంటే లెక్క చూడ్డానికే అనుకునే బుర్ర అది.

"సరిపోయింది," అన్నాను.

ఆ అబద్ధం దొంగతనం కంటే హీనం. అది చెప్పాక వాడు నాకు కాఫీ ఇచ్చాడు.

అక్కడితో నా గండం గడిచిందనుకున్నాను. వాడు ఫోటో తీయించే ముందు ఆ అమ్మాయిని అడగాలన్నాడు. కొలిచింది ఆమె కనుక, ఆమె ఒప్పుకోకుండా అచ్చు వెయ్యకూడదట. వాకబు చేస్తే రేపల్లెలోనే ఆడపిల్లల స్కూల్లో టీచరుగా ఉందని తెలిసింది. నన్ను కూడా రమ్మన్నాడు, నన్నైతే గుర్తుపడుతుందని. కాళ్ళనొప్పులన్నాను, సెలవు లేదన్నాను. వెళ్ళకపోతే తానే వెళ్ళి అన్నయ్యగారికి అంతా చెబుతానని మా ఆవిడ అంది. వెళ్ళాను.

తెనాలిలో రేపల్లె బండి ఎక్కాం. వేమూరు దాటేదాకా వాడు కిటికీ పక్కన కూర్చుని, ఆమెతో ఎలా మొదలుపెట్టాలో నాకు చెబుతూనే ఉన్నాడు. నేను చేలవైపు చూస్తూ, ఆమె ఇంట్లో లేకపోతే బాగుండునని కోరుకున్నాను.

ఇంట్లోనే ఉంది. వాళ్ళమ్మగారు "రండి బాబూ" అని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. ఆ అమ్మాయి దిద్దుతున్న పరీక్ష కాగితాలు పక్కన పెట్టి వచ్చింది. నన్ను చూడగానే ల్యాబులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, "నమస్కారమండి సార్" అంది. వాడు పేజీ చేతికిచ్చాడు.

"దీన్ని పారేశారనుకున్నానండి," అంది.

వాడు వాచీ కథంతా చెప్పాడు. ఆమె ఆపి ఆపి ప్రశ్నలు వేసింది. వాచీ ఎంత వెనకబడుతోంది, ఎన్నిసార్లు చూశారు, దేనితో పోల్చారు అని అడిగింది. అన్నీ విని, పరీక్ష కాగితం వెనకవైపు లెక్క కట్టుకుంది. నిమిషానికి ఒక సెకను చొప్పున తన ముప్ఫై తొమ్మిదిన్నరను సవరించి, మళ్ళీ జీ విలువ కట్టింది. తొమ్మిదివందల డెబ్భై ఎనిమిది దగ్గర తేలింది. ఆ అంకె కింద రెండు గీతలు గీసింది. వాడు అచ్చం అలాగే రెండు గీతలు గీస్తాడు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను కూరలో కరివేపాకులా పక్కన కూర్చున్నాను. సిగ్గుపడవలసిన ఆ సమయంలో కూడా, నిజం చెబుతున్నాను, నాకు ముందు కలిగింది అసూయే. ఇన్నేళ్ళ ఆదివారాల్లో వాడు నన్ను చూసి ఒక్కసారీ అలా నవ్వలేదు.

అప్పుడామె నా వైపు తిరిగింది.

"మూడోసారి చేసినప్పుడు మీరు పక్కనే ఉన్నారండి సార్."

"ఉన్నానమ్మా."

"నేను సరిగ్గా చేశానని మీరు చూశారండి."

"చూశాను."

"ఆ ఏడాది రికార్డు మార్కులు తగ్గి నాకు ఫస్టుక్లాసు పోయిందండి. ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టాను, సీటు రాలేదండి." ఎవరి మీదా నేరం మోపుతున్నట్టు లేదు. హాజరు పిలిచినట్టు చెప్పింది. "నేనే ఎక్కడో తప్పు చేశాననుకున్నానండి, ఇవాల్టిదాకా."

వాడు తల తిప్పి నన్ను చూశాడు. ఆ ఎర్రసిరా నాదని వాడికి ఎప్పుడో తెలుసు, చేతిరాత తెలియదా! ఆ గీత వెనక ఒకరి చదువు తెగిపోయిందని మాత్రం ఇప్పుడే విన్నాడు. నాకూ ఇప్పుడే తెలిసింది. నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

"తప్పు నాదమ్మా," అన్నాను. "నీ చూపు నచ్చక కోశాను."

ఆమె ఆ పేజీ నా ముందు బల్ల మీద పెట్టింది.

"దీనికి మీ సంతకం లేదండి సార్. సంతకం లేకపోతే ప్రయోగం చేసినట్టే కాదని మీరే చెప్పేవారండి."

వాడు తత్తరపడ్డాడు. "ఒరేయ్, ఇప్పుడు పెడితే ఫోటోలో పడుతుంది. కొట్టేసిందెవరో అందరికీ తెలిసిపోతుంది. రేపు తెనాలిలో ఫోటో తీయించేస్తాను. ఆ తరవాత పెట్టి పంపుదువుగాని. ఏమ్మా, అట్లా చేస్తే సరిపోతుందా?"

ఆమె అవుననలేదు, కాదనలేదు. నా చొక్కా జేబులో ఎర్రపెన్ను ఎప్పుడూ ఉండేది. కొన్నాళ్ళ కిందట ఆ పేజీని దాచింది కూడా ఆ జేబులాంటి జేబులోనే. పెన్ను తీశాను. అలవాటు చొప్పున వానపాము గీయబోయి ఆగాను. ఆ వంకర చూసి అది ఫలానావాడిదని ఎవరూ పోల్చుకోలేరు. పేజీ కింద నా పేరు, ఇంటిపేరుతో సహా, విడి అక్షరాల్లో, చదువుకునే పిల్లాడు అట్ట మీద రాసుకున్నంత శ్రద్ధగా రాశాను. దాని కింద ఆ రోజు తారీఖు వేశాను.

ఆమె తీసుకుని చదివింది. "మీ పూర్తి పేరు ఇదాండి సార్? ఇన్నాళ్ళూ తెలియదండి," అంది. ఆ పేజీ వాడికిచ్చి, తన పేరు కూడా వ్యాసంలో వెయ్యమంది.

తిరుగు బండి ఎక్కాం. తెనాలి దగ్గర పడుతుండగా, "ఈసారి కృతజ్ఞతల్లో నీ పేరు వేస్తానురా. నీ రికార్డులు లేకపోతే ఈ వ్యాసమే లేదు," అన్నాడు. ఎన్నేళ్ళు ఎదురుచూసిన మాట!

"వద్దులే," అన్నాను. "ఉన్నచోట చాలు." ఆ తరవాత కాగితం ఎందుకు తీశానో కూడా చెప్పాను. పదకొండు మార్కుల సంగతీ చెప్పాను. వాడు వేళ్ళ మీద లెక్క చూసుకుని, "పదకొండు కాదు, పన్నెండు," అన్నాడు.

వ్యాసం అచ్చయి వచ్చేసరికి ఏడాది పట్టింది. మొదటి ప్రతి రేపల్లె వెళ్ళింది. రెండోది నాకు వచ్చింది. మొదటిది నాది కానందుకు గుండెలో కలుక్కుమంది. మనిషికి బుద్ధి రావడం వేరు, ఓర్పు రావడం వేరు. అలవాటు చొప్పున చివరి పేజీ తిప్పాను. అక్కడ ఆ అమ్మాయి పేరొక్కటే ఉంది. అప్పుడు మొదటినుంచీ చదివాను. వాడి వ్యాసం పూర్తిగా చదవడం అదే మొదలు. మూడో పేజీలో ఫోటో ఉంది. అచ్చులో ఎరుపు ఉండదు కదా. వెయ్యి పన్నెండూ, దాని మీద గీతా, 'రాంగ్' అన్న మాటా, అడుగున నా పేరూ, అన్నీ ఒకే నలుపులో పడ్డాయి.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చూసింది.

"మీ పేరు అచ్చులో పడిందండీ!"

"ఎక్కడ పడిందో చూశావా?"

చూసింది. వేలు పైకి జరిపి ఆ గీతనూ, ఆ మాటనూ చూసింది. మళ్ళీ వేలు కిందికి జరిపి నా పేరు చదివింది.

"పడాల్సిన చోటే పడింది లెండి," అంది.